ఆరాధనా వాక్య సంస్కరణము: బోధనమా, సమర్థనమా?

అనువాదము మూలమునకు ఎంత సన్నిహితమో పరిశీలించుట విమర్శకులకు పరిపాటి. కాని జనులు కంఠస్థము చేసికొని వారము వారము ఏకకంఠముతో ఉచ్చరించు వాక్యములకు ఈ కొలత యొక్కటియే చాలదు. అట్టి వాక్యములు మారినపుడు జనులను అందుకు ఎట్లు సిద్ధపరచిరను ప్రశ్నయు విమర్శకు పాత్రమే. కాథలిక్కుల ఇంగ్లీషు పూజాగ్రంథ చరిత్ర ఇందుకు తగిన నిదర్శనము.

రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనయందు దేశభాషలకు ద్వారము తెరచెను. 1969 నాటి అనువాద సూత్రములు పదముకంటె భావమునకు ప్రాధాన్య మిచ్చినవి. ఆ మార్గముననే 1973 నాటి ఇంగ్లీషు పాఠము వెలసెను. 2001లో రోము ప్రకటించిన 'లితూర్గియామ్ ఔథెంతికామ్' అను శాసనము ఇందుకు భిన్నముగా, విడుపులు చేర్పులు లేక లాటిను మూలమును అనుసరింపవలెనని విధించినది. తత్ఫలితమైన నూతన పాఠము అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2011 నవంబరు 27న, ఆగమనకాలపు మొదటి ఆదివారమున, అమలునకు వచ్చినది. జనులను సిద్ధపరచుటకు ప్రసంగములు, చిన్న పుస్తకములు, అచ్చు కార్డులు తోడ్పడినవి.

ఈ బోధన సార్థకమైన తావులు కలవు. దివ్యసత్ప్రసాదమునకు ముందు భక్తుడు తన అయోగ్యతను చెప్పుకొను వాక్యమున పాత పాఠము 'ఇంటికప్పు' అను మాటను విడిచినది. క్రొత్తది దానిని తిరిగి నిలిపినది. మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయములోని శతాధిపతి వృత్తాంతమును వివరించినంతనే ఆ మాట శ్రోత మనస్సున చిత్రమై నిలుచును. ఇచట వివరణము వాక్యమునకు బలము చేకూర్చినది.

విశ్వాస ప్రమాణమున అట్లు జరుగలేదు. తండ్రి కుమారుల ఏకత్వమును తెలుపుటకు సులభముగా నున్న పూర్వపు పలుకుబడిని తొలగించి 'కన్‌సబ్‌స్టాన్షియల్' అను పదమును ఉంచిరి. శ్రీనాథుని నైషధము విని సంస్కృత పండితులు, నీ డుమువులు నీవు గైకొని మా నైషధమును మాకిమ్మనిరని యొక ఐతిహ్యము కలదు. ఈ పదమునకును ఆ యాక్షేపము చెల్లును; లాటిను శబ్దమునకు ఇంగ్లీషు తుది మాత్రమే చేరినది. శ్రీనాథుని పాఠకులు పండితులు. ఇచటివారు బాలురు, వృద్ధులు కూడ చేరిన సర్వజనము. వివరణ లేనిదే అర్థము కాని మాట ప్రార్థనలో నిలిచినచో, వివరణ ప్రతి తరమునకును మరల చేయవలసి యుండును.

అదే ప్రమాణమున 'మేము విశ్వసించుచున్నాము' అనుటకు మారుగా ఏకవచనము వచ్చినది. లాటిను ప్రకారము ఇది సరియే. కాని 325లో నైసియా మహాసభ గ్రీకున వెలయించిన పాఠము బహువచనములోనే యున్నది. కావున మూలవిధేయత యనగా ఏ మూలమునకు విధేయతయో బోధకుడు చెప్పవలసి యున్నది. చెప్పనిచో బోధన సమర్థనముగా మారును.

పానపాత్ర వాక్యమున 'అందరి కొరకు' అనునది 'అనేకుల కొరకు' అని మారుట మరింత సున్నితము. క్రీస్తు అందరి కొరకు మరణించెనను సిద్ధాంతము మారలేదు. మాట మాత్రము మారినది. ఈ మార్పునకు ముందు సమగ్రమైన బోధన అత్యావశ్యకమని పదునారవ బెనెడిక్టు పోపు 2012 ఏప్రిల్‌లో జర్మను బిషప్పులకు వ్రాసెను. ఈ క్రమము సమంజసము. తెలియక పలుకువాడు తాను వెలివేయబడితినని శంకింపవచ్చును.

లాటినుకు దగ్గరగుటచే క్రొత్త పాఠమునకు గాంభీర్యము కలిగినదను వాదమును మేము త్రోసిపుచ్చము. కాని లాభమును మాత్రమే చెప్పి నష్టమును దాచు బోధన అసంపూర్ణము. నలువది యేండ్లకు సమీపముగా ఒక వాక్యముతో ప్రార్థించి, దానితోనే ఆప్తులను సాగనంపిన వారికి అది లోపభూయిష్ట మనువాదమని చెప్పి యూరకుండుట తగదు. ఫ్రాన్సిస్ పోపు 2017లో అనువాద బాధ్యతను అధికభాగము ఆయా దేశముల బిషప్పుల సభలకు మరల అప్పగించెను. జనుల వాడుకను ఎరిగిన వారికి అనువాదమున ప్రమేయము హెచ్చిన కొలది తరువాతి బోధనకు భారము తగ్గును. జనులను వాక్యమునకు సిద్ధపరచుటతో పాటు వాక్యమును జనులకు సిద్ధపరచుటయు అనువాదకుని ధర్మమని మా నిశ్చయము.