జారిపోయే చూపు, కదలని ముఖం

డాక్టరు కాని డాక్టరొకాయన ఆల్ఫీ గదిలోకి వస్తాడు. పెళ్లయి పిల్లలున్న ఆడమనిషి ఒకావిడ అక్కడ భయంభయంగా ఉంది. బ్రిటన్‌లో గర్భస్రావం అప్పటికింకా నేరమే, చట్టం మారింది 1967లో. వచ్చినాయన పని మొదలుపెట్టే ముందు ఇది నేరమనీ, శిక్ష పడుతుందనీ బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతాడు. గొంతు పెద్దమనిషిది. చూపు మాత్రం ఎదుటివాడి ముఖం మీద నిలవదు, జారిపోతూ ఉంటుంది. 1966 నాటి ‘ఆల్ఫీ’లో డెన్‌హమ్ ఎలియట్ కనిపించేది కొద్ది నిమిషాలే. సినిమా అంతా మైకేల్ కెయిన్‌ది. అయినా సినిమా అయిపోయాక నన్ను వదలకుండా వెంటాడింది ఆ చూపే.

దాని పక్కన 1988లో వచ్చిన ‘డిస్టంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్’ పెట్టి చూడండి. టెరెన్స్ డేవిస్ తన లివర్‌పూల్ బాల్యాన్ని తవ్వి తీసిన సినిమా. అందులో తండ్రి వేషం పీట్ పోసిల్‌త్వేట్‌ది. క్రిస్మస్ ముందురాత్రి ఆ తండ్రి పిల్లలు పడుకున్న మంచం దగ్గరికి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి కానుకల మేజోళ్లు పెట్టి, దీవించి వెళ్తాడు. మర్నాడు భోజనాల దగ్గర అదే మనిషి బల్ల మీది గుడ్డ పట్టి ఒక్క గుంజు గుంజుతాడు. కంచాలు, కూడు అన్నీ నేలపాలు. ఎందుకో దర్శకుడు చెప్పడు, నటుడూ చెప్పడు. ముద్దు చేసిన ముఖం, మీదపడి అరిచిన ముఖం ఒక్కటే. ఎముకలు పొడుచుకొచ్చిన ఆ బుగ్గల్లో ఎక్కడా మార్పు లేదు.

ఎలియట్ దాచడంతో నటిస్తాడు. దాచిందేదో ఎక్కడో ఒక చోట కారిపోతుంది, మనం దాన్ని పట్టుకుంటాం. పీట్ ఏదీ దాచడు. మనిషిని తెచ్చి మన ముందు నిలబెట్టి, ఏం చేసుకుంటారో మీ ఇష్టం అంటాడు.

ఈ తేడాకి పుట్టుక కొంత కారణమని నా అనుమానం. ఎలియట్ 1922లో లండన్‌లో పుట్టాడు, తండ్రి బారిస్టరు, చదివింది మాల్వెర్న్ కాలేజీలో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానదళంలో చేరి, 1942లో విమానం కూలి జర్మన్లకి చిక్కాడు. మిగతా యుద్ధకాలమంతా సైలీషియాలోని ఖైదీల శిబిరంలో గడిచింది. అక్కడే తోటి ఖైదీలతో నాటకాలు వేశాడు. తిరిగొచ్చాక మొదట్లో యువ అధికారి పాత్రలే, 1953 నాటి ‘ది క్రూయల్ సీ’లో లాగా. వయసు మీదపడే కొద్దీ ఆ వర్గపు మర్యాద మాసిపోయి, చిరుగులు పడిన రూపమే ఆయన సొత్తయింది. తాగుబోతు విలేఖరి, పరువు పోయిన డాక్టరు, యజమాని మారినా వినయం మార్చని బట్లరు. దొరల ఇంటి వెనక గుమ్మం ఆయనకి లోపలి నుంచి తెలుసు.

పీట్ 1946లో వారింగ్‌టన్‌లో, కష్టజీవుల క్యాథలిక్ కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఫాదరీ కావాలనుకుని సెమినరీలో చేరాడు. తర్వాత కొన్నాళ్లు నాటకం పాఠాలు చెప్పే మాస్టారు. ఆ మీదట బ్రిస్టల్ ఓల్డ్ విక్‌లో శిక్షణ, లివర్‌పూల్ ఎవ్రీమన్ థియేటరులో జూలీ వాల్టర్స్, బిల్ నై లాంటి వాళ్లతో కూడిక. పేరు మార్చుకోమని సలహా ఇచ్చిన వాళ్లున్నారు, అంత పొడుగు పేరు దీపాలతో రాయాలంటే కరెంటు ఖర్చు భరించలేరన్న వేళాకోళమూ ఉంది. ఆయన మార్చుకోలేదు.

ఇద్దరినీ ఒకే దర్శకుడు వాడుకున్నాడు కాబట్టి పోల్చడం తేలికైంది. స్పీల్‌బర్గ్ 1981లో ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’ తీసినప్పుడు ఎలియట్‌కి ఇచ్చిన మార్కస్ బ్రోడీ పాత్ర చిన్నదే, కాని బరువున్నది. మందసం జోలికి పోవడమంటే ఏమిటో తెలిసిన పెద్దాయన, గొంతు తగ్గించి హెచ్చరిస్తాడు. 1989లో ‘లాస్ట్ క్రూసేడ్’ వచ్చేసరికి అదే బ్రోడీ విదూషకుడైపోయాడు. మార్కస్ జనంలో కలిసిపోతాడు, మీకు దొరకడు అని కథానాయకుడు ఇండీ కోతలు కోస్తాడు. మరుక్షణం ఇస్కెందరూన్ వీధిలో ఆయన దారి తెలీక, ఇక్కడెవరికైనా ఇంగ్లీషు వచ్చా అని అడుగుతూ కనిపిస్తాడు. నవ్వొస్తుంది, నిజమే. కాని దాచడం తెలిసిన నటుడికి దాచడానికేమీ ఇవ్వకపోతే మిగిలేది ఆ అమాయకపు ముఖమే. అది ఆయన ప్రతిభకి అన్యాయమని ఇప్పటికీ అనిపిస్తుంది.

1997లో ‘ది లాస్ట్ వరల్డ్’లో పీట్‌ది వేటగాడు రోలండ్ టెంబో. రాక్షసబల్లుల మధ్య నటులెవరూ గుర్తుండని సినిమా అది. టెంబో మాత్రం గుర్తుంటాడు. కోరుకున్న జంతువు చేజిక్కింది, తోటివాడు పోయాడు. కొత్త ఉద్యోగం ఇస్తామంటే, చావుతో చాలా కాలం సావాసం చేశానని చెప్పి వెళ్లిపోతాడు. రచయిత రాసింది రెండు ముక్కలే, మిగతాది ఆ నిలబడ్డ తీరు. ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడని స్పీల్‌బర్గ్ మెచ్చుకున్నాడని లోకం అంటే, ఆయన అన్నది అది కాదు, ‘పీట్ తనని తాను గొప్ప నటుడనుకుంటాడు’ అని ఉంటాడని పీట్ చెప్పుకుని నవ్వేవాడు.

బహుమతుల లెక్క తమాషాగా ఉంటుంది. 1983, 84, 85 సినిమాలకి ఎలియట్ వరసగా మూడేళ్లు బాఫ్టా సహాయనటుడు. పిల్లలతో, కుక్కలతో పాటు ఎలియట్‌తో కూడా కలిసి నటించకూడదని గాబ్రియేల్ బర్న్ అన్నది ఊరికే కాదు. ‘డిఫెన్స్ ఆఫ్ ద రెల్మ్’లో పక్కనుండి చూసినవాడు మరి. ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’కి ఆస్కార్ దాకా వెళ్లిన ఏడాది అది మైకేల్ కెయిన్‌కి దక్కింది, ఆ ‘ఆల్ఫీ’ కెయిన్‌కే. పీట్ ‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’లో జూసెప్పే కాన్లన్ వేసి ఆస్కార్ దాకా వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు. చెయ్యని నేరానికి కొడుకు వెనకే జైలుకెళ్లి, 1980లో ఖైదీగానే పోయిన బెల్‌ఫాస్ట్ తండ్రి జూసెప్పే. సినిమాలో ఆయన పోయిన రాత్రి ఖైదీలు కాగితాలు అంటించి కిటికీల్లోంచి వదులుతారు. తెర మీద పీట్ లేని దృశ్యం. అయినా అది ఆయనదే, అంతకు ముందంతా కూడబెట్టిన మౌనమే ఆ మంటలకి అర్థమిచ్చింది.

పట్టుమని పది నిమిషాలుండే పాత్రకి ఎలియట్‌ని మించినవాడు లేడు. కథ మొత్తం మొయ్యాల్సి వస్తే నా ఓటు పీట్‌కే. 1996 నాటి ‘బ్రాస్డ్ ఆఫ్’ చూశాక అందులో నాకు సందేహం పోయింది. యార్క్‌షైర్ బొగ్గుగని మూతపడుతోంది, గని కార్మికుల వాద్యబృందానికి పీట్ నాయకుడు డానీ. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆసుపత్రి మంచం మీద ఉండగా, బయట చీకట్లో బృందం హెల్మెట్ దీపాలు వెలిగించుకుని వాయిస్తుంది. చివరికి ఆల్బర్ట్ హాల్లో గెలిచిన కప్పు వద్దంటాడు, సంగీతం కన్నా మనుషులు ముఖ్యమని చెప్పి. ఇలాంటి చోట ఉపన్యాసం ఉపన్యాసంలా వినిపించడం ఎంత సులువో! పీట్ ఆ మాటల్ని ఊపిరి అందనివాడి మాటలుగా పలుకుతాడు, అంతే. ఎలియట్ ఆ ఉపన్యాసం చెయ్యలేడు. మనకి నమ్మకం కుదరదు, వెనకాల ఇంకేదో ఉందని వెతుక్కుంటాం.

ఎలియట్ చివరి సినిమాల్లో ఒకటి 1992 నాటి ‘నాయిజెస్ ఆఫ్’. సీసా ఎక్కడ దాచాలా అని వెతుక్కునే ముసలి నటుడి వేషం, అందులో ఆ నటుడు దొంగ వేషం. ఆ అక్టోబరులో ఇబిజాలో పోయాడు. పీట్ 2011 జనవరి 2న పోయాడు. అంతకు ముందు ఏడాది ‘ది టౌన్’లో బోస్టన్ పూలకొట్టు యజమానిగా వచ్చాడు. కొట్టు పైకి మాత్రమే, అసలు వ్యాపారం దోపిడీలు. మనిషి అప్పటికే చిక్కి శల్యమయ్యాడు. ఎదుట నిలబడ్డ కుర్రాడికి అతని తల్లి గతి ఏమైందో చెబుతూ పూలు సర్దుకుంటాడు. గొంతు పెంచడు, చూపు తిప్పడు.