పేరు లేని దెబ్బ: లౌంజ్ సీడీల్లో మన వాద్యాలు

గల్ఫ్‌లో ఒక హోటల్లో పనిచేసి 2009లో తిరిగొచ్చిన మా పెదనాయన కొడుకు తన సంచిలో పది పన్నెండు సీడీలు తెచ్చాడు. హోటల్లో రాత్రిపూట బల్లలు తుడిచేటప్పుడు ఈ పాటలే మోగుతుండేవంట. వాటిలో ఒకదాని అట్ట మీద బుద్ధుడి బొమ్మ చూసి మా నాయన సంబరపడ్డాడు. మా ఇంట్లో అంబేద్కర్ పటం పక్కన బుద్ధుడి పటం ఉంటుంది గనక, ఇవేవో బుద్ధుడి మీద పాటలనుకున్నాడు. పెట్టి విన్నాక కాసేపు మాట్లాడలేదు. "ఏందబ్బయ్యా, పాట ఎంతకీ మొదలుగాదే" అన్నాడు.

ఈ రకం సంగీతం మీద మేము చదివిన విమర్శలన్నిటికంటే ఆ ముక్క సూటిగా ఉంది. లౌంజ్ సంగీతం మొదలవటానికి చేసింది కాదు. పక్క బల్ల దగ్గర మాటలు వినబడేటంత మెత్తగా, కుర్చీలోంచి లేవబుద్ధి కానంత నిదానంగా సాగిపోవటానికి చేసింది. అడుగున మెషీన్ మీద కట్టిన దరువు, దానికి తోడు బేస్, పైన ఎక్కడిదో ఒక గొంతు. ఆ గొంతు అరబ్బీ కావచ్చు, ఆఫ్రికాది కావచ్చు, మన సంస్కృత శ్లోకం కావచ్చు. స్పెయిన్ దేశపు ఇబిజా దీవిలో ఉన్న కఫే దెల్ మార్ అనే బారు పేరుతో జోసె పడియా 1994లో మొదటి సంకలనం వేశాడు. పారిస్‌లో 1996లో బుద్ధ బార్ తెరిచారు, అక్కడ పాటలు వేసే క్లోద్ షాల్ 1999లో ఆ పేరుతో మొదటి సంకలనం తెచ్చాడు. అక్కడ్నుంచి ఇవి దేశదేశాల హోటళ్ళకు, బట్టల షాపులకు పాకాయి. ఇప్పుడు సీడీలు పోయి ఫోన్లలో గంటల తరబడి సాగుతున్నాయి. ఈమధ్య మైపాడు వైపు ఒక రిసార్టులో స్నేహితుడి పెళ్ళి విందుకు పోతే అక్కడా అవే. బయట సముద్రం హోరు, లోపల స్పీకర్లలో ఇంకెక్కడి సముద్రమో హోరు.

వీటిలో వాడే సరుక్కి 'వరల్డ్ మ్యూజిక్' అని పేరు. 1987లో లండన్‌లో ఒక పబ్బులో చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు కూర్చుని, అంగట్లో ఈ డిస్కుల్ని ఏ అరలో పెట్టాలో తేలక ఆ పేరు ఖాయం చేసుకున్నారు. ఏ జాతీ తనకు తాను పెట్టుకున్న పేరు కాదది. తమకు వెలుపల ఉన్నవాళ్ళందర్నీ ఒక్క మాటలో కట్టెయ్యటం మనకు కొత్తేం కాదు గదా.

ముందు బుద్ధుడి సంగతి చూద్దాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది మందితో బౌద్ధం తీసుకున్నప్పుడు, బుద్ధుడు మనకు కులాన్ని ప్రశ్నించిన మనిషిగా దొరికాడు. బుద్ధ బార్‌కు ఆయన ఒక పెద్ద బొమ్మ, దాని కింద కూర్చుని తాగుతారు. జకార్తాలో 2008లో ఇదే పేరుతో బారు పెడితే అక్కడి బౌద్ధులు వీధికెక్కారు. 2010లో కోర్టు దాన్ని మూసెయ్యమని తీర్పిచ్చింది. అయితే బుద్ధుణ్ణి అలంకారం చెయ్యటం పారిస్ వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. అమరావతి స్తూపపు రాళ్ళలో కొన్ని బ్రిటిష్ మ్యూజియానికి పోయాయి, కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడివాళ్ళేమో ఆయన్ను విష్ణువు అవతారాల్లో కలిపేసుకుని, ఆయన చెప్పింది మాత్రం వదిలేశారు. సీడీ అట్ట మీది బుద్ధుడు ఆ వరసలో ఈమధ్య చేరినవాడు, అంతే.

అసలు ప్రశ్న అట్ట మీద లేదు, లోపల ఉంది. ఈ సంకలనాల్లో 'ఇండియా' పేరుతో వినబడేది ఏది? సితారు, తబలా, వేణువు, సంస్కృత మంత్రం. అంటే ఊరు వినబడుతుంది, వాడ వినబడదు. లండన్‌లో తాల్విన్ సింగ్ 1997లో 'అనోఖా' అనే సంకలనం తెచ్చాడు. ఆయన 'ఓకే' ఆల్బంకు 1999లో మెర్క్యురీ బహుమానం వచ్చింది. వలసపోయినవాళ్ళ పిల్లలు తెల్లవాళ్ళ జాత్యహంకారం మధ్య తబలాను క్లబ్బులోకి తీసుకుపోయి నిలబెట్టుకున్న సంగీతం అది. దాన్ని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. తబలా విద్వాంసుల్లో ముస్లింలు ఎందరో ఉన్నారు, కాబట్టి దాన్ని బ్రాహ్మణ సంగీతమని ఒక్కమాటతో కొట్టెయ్యటం కూడా తొందరపాటే. కానీ రంగు గురించి అంత బాగా మాట్లాడిన ఆ సంగీతం కులం దగ్గరికొచ్చేసరికి మాట్లాడదు. తోలు వాయించినవాడి పేరు అట్ట మీద ఉంటుంది, తోలు చేసినవాడి పేరు ఉండదు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకంలో మృదంగం తయారుచేసే కుటుంబాల గురించి రాశాడు. వాళ్ళలో దళిత క్రైస్తవులు ఎందరో. వాళ్ళ చేతిపని లేకుండా కచేరీ లేదు, కచేరీలో వాళ్ళకు చోటు లేదు. ఆ రాసినాయన పేరున్న బ్రాహ్మణ గాయకుడు గనక సభలవాళ్ళు ఉలిక్కిపడ్డారు. అదే మాట తోలు పని చేసే చేతులు చెప్పుంటే ఎవరు విందురు?

ఇక మన పలక. ఇతర చోట్ల డప్పు, తప్పెట అనేదాన్ని మా వాడలో పలక అంటారు. చెక్క చట్రానికి చింతగింజల జిగురుతో అంటించి బిగించిన తోలు, ఒక లావు పుల్ల, ఒక సన్న పుల్ల. సముద్రం దగ్గర గాలిలో తేమకు తోలు ఊరికే మెత్తబడుతుంది. గడ్డి మంట వేసి కాపాలి, కాసేపు కొట్టి మళ్ళీ కాపాలి. కాపకపోతే పలక పలకదు. చావుకు ఒక దెబ్బ, పెళ్ళికి ఒక దెబ్బ, పోలేరమ్మ జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి. పొలంలో ఎంత దూరాన ఉన్నా దెబ్బ చెవినబడితే ఊళ్ళో ఏం జరిగిందో తెలుస్తుంది, మనం ఇప్పుడేం చెయ్యాలో కూడా తెలుస్తుంది. అంటే పలక ఊరికే వినేదానికి కాదు, కబురందుకునేదానికి. చావు దెబ్బ వింటూ కుర్చీలో ఎనక్కి వాలి కూర్చునే అవకాశం ఎవరికీ లేదు.

కొట్టేవాడికి అసలే లేదు. ఎవరింట్లో చావయినా పోయి కొట్టాలి, వాళ్ళు పెట్టింది తినాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. ఇదొక కళ అని మాకు కాలేజీకి పోయేదాకా ఎవరూ చెప్పలేదు. 1990లలో ఒక రోజు మా నాయన పలక అటక మీద పెట్టేసి ఇక కొట్టనన్నాడు. ఆ ఏడాది నాట్లకు మా ఇంటికి పిలుపు రాలేదు. అదే కాలంలో, 1994లో, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఇదే వాద్యాన్ని భుజాన వేసుకుని వీధుల్లోకొచ్చింది. వెట్టికి కొట్టిన చేతులే హక్కుకు కొట్టాయి. మా నాయన పలక దించి తన మర్యాద నిలబెట్టుకున్నాడు, ఉద్యమం పలక ఎత్తి నిలబెట్టుకుంది. వీటిలో ఏది సరైంది అని మమ్మల్ని సెమినార్లలో అడుగుతుంటారు. రెండూ ఒకే ఇంట్లో జరిగాయని చెప్తే నమ్మరు. మా చిన్నాయన దండోరా సభలకు పోయేవాడు, ఇప్పటికీ కొడుతున్నాడు. ఈమధ్య జాతరలకు డీజే బండ్లు వచ్చి ఆయనకు పని తగ్గింది.

ఇదంతా తెలిసినవాళ్ళకు శాంపిల్ అనే పద్ధతి వింతగా కనబడుతుంది. రికార్డులోంచి రెండు మూడు సెకన్ల ముక్క కోసి, దాన్నే తిప్పి తిప్పి వాడటం. శాంపిల్లో తోలు మెత్తబడదు, దానికి మంట అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు. ఫ్రాన్సుకు చెందిన డీప్ ఫారెస్ట్ 1992లో వేసిన ఆల్బంలో 'స్వీట్ లలబై' అనే పాట ఉంది. అందులో వినబడే గొంతు పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులకు చెందిన అఫునక్వా అనే ఆమెది. 1970లో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు దాన్ని రికార్డు చేశాడు, తర్వాత యునెస్కో వరసలో డిస్కుగా వచ్చింది. తండ్రి చచ్చిపోయిన పసివాణ్ణి ఓదార్చే లాలి అది. డీప్ ఫారెస్ట్ ఆల్బమేమో ఆఫ్రికా అడవుల పిగ్మీల పేరు మీద నడిచింది. 1996లో నార్వే సాక్సోఫోన్ విద్వాంసుడు యాన్ గార్బరెక్ అదే వరసను 'పిగ్మీ లలబై' అని వాయించాడు. దీవి మనిషి అడవి మనిషయిపోయింది, సరిచూసినవాళ్ళు లేరు. చావు ఇంటి పాట హోటల్లో జోలపాటయ్యింది. తైవాన్‌లో ఆమిస్ తెగకు చెందిన దిఫాంగ్ అనే ఆయన మాత్రం ఊరుకోలేదు. ఆయన, ఆయన భార్య పాడిన పాటను జర్మనీ బృందం ఎనిగ్మా 'రిటర్న్ టు ఇన్నోసెన్స్'లో వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా అది మోగింది. వాళ్ళు దావా వేస్తే 1999లో రాజీ కుదిరింది.

మన దగ్గరికొద్దాం. 2002లో వచ్చిన తెలుగు 'జయం'ను 2003లో అదే పేరుతో తమిళంలో తీశారు. రెంటికీ సంగీతం ఆర్.పి. పట్నాయక్. ఆ తమిళ సినిమాలో తిరునాళ్ళ పాట ఒకటుంది. శ్రీలంక తమిళ కుటుంబంలో పుట్టి లండన్‌లో పాడే ఎం.ఐ.ఏ. దానిలోంచి ముక్క తీసుకుని 2006లో 'బర్డ్ ఫ్లూ' పాట చేసింది. 2007లో వచ్చిన 'కలా' ఆల్బంలో అది ఉంది. ఇది లౌంజ్ కాదు, క్లబ్బు పాట, కూర్చోనివ్వదు. మా నాయనకు వినిపిస్తే "ఇది మాత్రం రావటంతోనే మొదలయ్యింది" అన్నాడు. శాంపిల్ వాడుకున్నందుకు పట్నాయక్ పేరు చెప్పారు, మంచిదే. కానీ ఈ లెక్కలో సంగీత దర్శకుడి పేరు వస్తుంది గాని ఆ రోజు స్టూడియోలో తోలు మీద పుల్ల వేసినవాళ్ళ పేర్లు రావు. వరస కట్టటం రచన, దరువు కొట్టటం కూలి. ఈ విభజన లండన్‌లో పుట్టింది కాదు, మనమే తయారుచేసి ఎగుమతి చేశాం.

పేరు ఉన్నా తీసేస్తారనటానికి 2021 చాలు. ఆ ఏడాది మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' పాటను అరివు రాసి, ధీతో కలిసి పాడాడు, సంతోష్ నారాయణన్ సంగీతం. తేయాకు తోటల్లో బతికిన తన అవ్వ కథను, భూమి లేనివాళ్ళ కథను దళిత కళాకారుడు అరివు అందులో పెట్టాడు. ఫ్రెంచి డీజే స్నేక్ దాన్ని క్లబ్బు కోసం రీమిక్సు చేస్తే, న్యూయార్కు టైమ్స్ స్క్వేర్ దాకా పోయిన ప్రచారంలో అరివు కనబడలేదు. ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. పా. రంజిత్ వంటివాళ్ళు అడిగాక అరివుతో ఇంకో ముఖచిత్రం వేశారు. పేరు దక్కితే అంతా దక్కినట్టు కూడా కాదు. 2021లోనే 'భీమ్లా నాయక్' పాటతో కిన్నెర మొగులయ్య పేరు ఇంటింటికీ తెలిసింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కూలిపనిలో కనబడ్డాడు.

ఇంత రాసి ఒక సంగతి దాచుకోకూడదు. యూనివర్సిటీ హాస్టల్లో చేరిన మొదటేడు మేము రాత్రిళ్ళు ఈ సీడీలే విన్నాం, ఇష్టంగానే విన్నాం. పగలంతా ఎవరో ఒకరు ఇంటిపేరు అడిగేవాళ్ళు, ర్యాంకు అడిగేవాళ్ళు, ఊళ్ళో ఇల్లు ఎటుపక్క అని అడిగేవాళ్ళు. చెవుల్లో ఈ పాట పెట్టుకుంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ గొంతుకు ఊరు తెలియదు, ఆ దరువుకు కులం తెలియదు. మా నాయన వాద్యంలాంటి ఏదో ఒక తోలు దూరంగా మోగుతుంటుంది, కానీ ఎవరింటి చావుకూ పోనక్కర్లేదు. జానపదాన్ని దోచుకున్నారని కోప్పడే మన విమర్శకులు ఈ హాయి గురించి మాట్లాడరు. వాళ్ళకది అవసరం పడలేదేమో. ఆ హాయి అబద్ధమని మేము ఇప్పుడూ అనలేం. కాకపోతే మేము రాత్రికి మా పేరు మేమే పక్కన పెట్టుకుని పొద్దున తీసుకున్నాం. అఫునక్వాను ఎవరూ అడగలేదు.

పోయిన వేసవిలో చిన్నాయన పలక దెబ్బలు ఫోన్లో రికార్డు చేశాం. సాయంత్రం ఇంటెనక గడ్డి మంట వేసి, కాపుకుంటూ పదకొండు దెబ్బలు కొట్టాడు. ఒక్కోదానికి ముందు దాని పేరు ఆయనే చెప్పాడు. చావు దెబ్బ కొట్టినప్పుడు పక్కింటామె ఉలిక్కిపడి బయటికొచ్చింది, ఆమెకు సర్దిచెప్పాల్సి వచ్చింది. అంతా అయ్యాక, ఇన్నేళ్ళు మేము రాస్తున్న వ్యాసాల ప్రకారం, వాయించినవారు అని ఆయన పేరు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"నా పేరు రాయబాకబ్బయ్యా. మనవడు నెల్లూర్లో చదువుకుంటుండాడు. వాడి జతగాళ్ళు ఇంటారు."

దెబ్బల పేర్లు మాత్రం తప్పుల్లేకుండా రాయమన్నాడు. రాశాం. మళ్ళీ దీపావళికి పోయినప్పుడు అడిగాం.

"వాడి చదువు కానీ, చూద్దాం" అన్నాడు.