సేవాధారిత అభ్యసనం - ప్రథమ సంవత్సర విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ విద్యార్థినులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:
సేవాధారిత అభ్యసనం విద్యార్థినులను సాంకేతిక విద్యలో నిలుపుతుందనే వాదంలోని బలాన్ని, అందులోని లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సేవాధారిత అభ్యసనం, విద్యార్థినులు, ఎపిక్స్, శుశ్రూష, పనివిభజన.

1. ప్రస్తావన:
1969లో మొదలైన జాతీయ సేవా పథకం విద్యార్థులను గ్రామాలకు చేర్చింది. అయితే మొక్కలు నాటడానికీ, రక్తదాన శిబిరం నిర్వహించడానికీ భౌతికశాస్త్రం చదివి ఉండనవసరం లేదు. సేవాధారిత అభ్యసనం దీనికి భిన్నమైనది. ఇందులో సేవ పాఠ్యాంశంలో భాగం; దానికి క్రెడిట్లు ఉంటాయి; చేసిన పనిపై పర్యాలోచన తప్పనిసరి.

2. ఎపిక్స్ నమూనా:
అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లియా జేమీసన్, ఎడ్వర్డ్ కోయిల్ 1995లో ఎపిక్స్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఇందులో ప్రథమ సంవత్సరం వారు మొదలుకొని చివరి సంవత్సరం వారి వరకు ఒకే బృందంలో పనిచేస్తూ, స్థానిక స్వచ్ఛంద సంస్థలకు, పాఠశాలలకు కావలసిన సాధనాలను రూపొందిస్తారు. ఒక ప్రాజెక్టు అనేక సెమిస్టర్లు కొనసాగవచ్చు. మొదటి ఏడాది గణిత, భౌతికశాస్త్రాలతోనే గడిచే చోట ఇంజనీరు చేసే పని విద్యార్థినికి కంటపడదు. ఈ నమూనాలో ఆ పనీ కనిపిస్తుంది, దాన్ని చేస్తున్న సీనియర్ విద్యార్థినీ కనిపిస్తుంది. దీని అసలు బలం ఇదే.

3. వాదంలోని లోపం:
స్త్రీలకు సహజంగానే సేవాభావం ఎక్కువ కనుక ఈ పద్ధతి వారికి తగినదని కొందరు సమర్థిస్తారు. ఈ సమర్థన ఇంటి పనివిభజననే ప్రయోగశాలకు తెస్తుంది. బృందంలో యంత్రం అబ్బాయిల చేతికి, ప్రశ్నావళీ నివేదికా అమ్మాయిల చేతికి వెళ్తే, సేవ జరుగుతుంది కానీ అభ్యసనం సగంలోనే ఆగుతుంది.

ఇక్కడ 'శుశ్రూష' అనే పదం గమనార్హం. వ్యుత్పత్తిని బట్టి దాని అర్థం 'వినవలెననే కోరిక'. గురువు వద్ద విని నేర్చుకోవడం, పరిచర్య చేయడం రెండూ అందులో ఇమిడి ఉన్నాయి. కాలక్రమంలో మన వాడుకలో పరిచర్యే మిగిలి, నేర్చుకోవడం జారిపోయింది. సేవాధారిత అభ్యసనానికీ అదే ప్రమాదం పొంచి ఉంది.

4. ఆంధ్రప్రదేశ్ సందర్భం:
ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యలో మొదటి సంవత్సరం తరువాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును ప్రవేశపెట్టారు. ప్రకాశం జిల్లాలోని ఫ్లోరైడ్ పీడిత గ్రామానికి వెళ్ళిన రసాయనశాస్త్ర విద్యార్థిని కుటుంబ వివరాలు నింపి రావచ్చు. లేదా బోరు నీటిని పరీక్షించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితితో పోల్చి, ఆ ఫలితాన్ని గ్రామస్థులకు వివరించవచ్చు. గంటలు రెండింటికీ సమానమే. రెండవ దానిలోనే ఆమె తన శాస్త్రాన్ని ప్రయోగించగలిగింది.

5. ముగింపు:
కనుక మూల్యాంకనం గంటలను లెక్కించడంతో ఆగకూడదు. బృందంలో బాధ్యతలు వంతులవారీగా మారాలి. ఎవరు కొలిచారు, ఎవరు రూపొందించారు, ఎవరు రాశారు అన్నది దినచర్య పుస్తకంలో నమోదు కావాలి. సేవ విద్యార్థినిని శాస్త్రంలోకి తీసుకువెళ్ళే ద్వారమా, శాస్త్రం నుంచి పక్కకు తప్పించే దారా అన్నది ఆ నమోదే తేల్చుతుంది.