తినేసింది!

ఒహాయోలో ఉంటున్న మా మేనల్లుడు ఈ వారం ఫోన్ చేసి, ముందూ వెనకా లేకుండా "మావయ్యా, తినేసింది!" అన్నాడు. తిన్నది పాముపిల్ల. అక్కడి పల్లెల్లో పశువుల కొట్టాల చుట్టూ తిరిగే ఈస్టర్న్ మిల్క్ స్నేక్. విషం లేదు. బూడిదరంగు ఒంటి మీద ఎర్రమట్టి మచ్చలు, వాటికి నల్లటి అంచు.

పంజరాలంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అనుమతులు తెచ్చుకుని మరీ పాముల్ని పెంచుతున్నందుకు వాణ్ణి సాధిస్తూనే ఉన్నాను. అయినా ఎలా తినిపించావని అడక్కుండా ఉండలేకపోయాను.

దీని చుట్టమే అయిన హోండురాస్ మిల్క్ స్నేక్, పిల్లప్పుడే కాస్త పెద్దది. ఎలుకపిల్లను పెడితే మింగేస్తుంది. బజార్లో గిరాకీ దానికే. ఈ స్థానిక పిల్ల పెన్సిల్ కన్నా సన్నం. బయట ఈ వయసులో బల్లుల్నీ, చిన్న పాముల్నీ తినే జాతి కనక చాలాసార్లు ఎలుకపిల్లను తిండిగానే లెక్కించదు. రెండు పిల్లల్ని ఒకే డబ్బాలో ఉంచితే ఒకటే మిగలొచ్చు. మావాడు కళ్లు తెరవని ఎలుకపిల్లను కడిగి, తుడిచి, బల్లి కుబుసం దాని మూతికి రుద్ది, డబ్బాలో పెట్టి, దీపం ఆర్పి వచ్చేశాడు. తొంగి చూస్తే ముట్టదట.

అసలు గుడ్లు రావడమే ఓ తపస్సు. చలికాలం ముందు మేత ఆపాలి. కడుపు ఖాళీ అయ్యాక పది పన్నెండు డిగ్రీల చలిలో రెండు మూడు నెలలు పడుకోబెట్టాలి. లోపల మేత మిగిలి ఉంటే అక్కడే కుళ్లి పాము చస్తుంది. చలి తగలకపోతే చాలాసార్లు జతే కట్టవు.

ఈ మిల్క్ స్నేక్ ఆవుల పాలు తాగుతుందని ఒకప్పుడు అక్కడి రైతుల నమ్మకం. మా ఊళ్లో జెర్రిపోతు మీదా అదే నింద. తాతయ్య కొట్టంలో గేదె పొదుగు చీకుతోందని ఒకదాన్ని కర్రలతో కొట్టి చంపారు. ఉబ్బిన పొట్ట చూసి, పాలేనన్నారు. కోస్తే తడి బొచ్చుతో రెండు ఎలుకలు బయటపడ్డాయి. చీకడానికి పాముకి పెదవులేవి? వెనక్కి వంగిన ఆ పళ్లు పొదుగుకి తగిలితే ఏ గేదె ఊరుకుంటుంది? దాన్ని చంపిన చేతులే నాగులచవితికి పుట్టలో పాలు పోశాయి.

పాముల్ని పంజరంలో పెట్టకుండా, వాటి మధ్యే బతికిన మాకు అవి ఏం తింటాయో తెలియలేదు. డబ్బాలో పెట్టుకున్నవాడికి తెలిసింది. అదే అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో మాత్రం స్థానిక విషరహిత పాముల్ని ఇళ్లలో పెంచడం నిషేధం. అడవిలోంచి పట్టుకుపోకుండా ఆ కట్టడి ఉండాల్సిందే. ఇంట్లో పుట్టిన పిల్లల్ని ఇంత ఓపికతో పెంచేవాళ్లకు మాత్రం అనుమతివ్వాలనే అంటాను.