కాలువకు ముందు రోజు

అరూబాలో బయలుదేరిన ఓడ పనామా కాలువ చేరేలోపు ఒక రోజంతా సముద్రమే. మధ్యలో రేవు లేదు, దిగి చూసేది లేదు. అలాంటి రోజు దండగని చాలామంది అనుకుంటారు. దాన్ని నింపడానికి ఓడవాళ్లు బింగో, డాన్సు పాఠాలు, వంటల ప్రదర్శన అంటూ పెద్ద జాబితానే ఇస్తారు. నేను ఆ జాబితా జోలికి పోను. సముద్రం మీద ఊరికే కూర్చోవడానికి కూడా సాధన కావాలి, అది ఇలాంటి రోజునే కుదురుతుంది.

కూర్చుంటే ఓడ ముందు భాగంలోనే కూర్చోవాలి. ఈ దారిలో గాలి తూర్పు నుంచి వీస్తుంది, ఓడ పడమరకి పోతుంది. రెండింటి వేగం ఇంచుమించు ఒకటైనప్పుడు చుట్టూ అలలు తెల్లగా విరుగుతున్నా డెక్ మీద పుస్తకంలో కాగితం కదలదు. మొదట్లో నీళ్లు తప్ప ఏమీ కనబడవు. కాసేపటికి చూపు కుదురుకుంటుంది. ఓడ చీల్చిన నీళ్లలోంచి ఎగిరే చేపలు గుంపుగా లేచి, రెక్కలు చాచి, అలల మీదుగా జారుకుంటూ పోతాయి. వాటి కోసమే బూబీ పక్షులు ఓడను అంటిపెట్టుకుని వస్తాయి. చేప పైకి లేచీ లేవగానే పక్షి రెక్కలు ముడుచుకుని బాణంలా నీళ్లలో పడుతుంది. వేటలో సగం పని ఓడే చేసి పెడుతోందని ఆ పక్షులకి ఎప్పుడో తెలిసిపోయింది!

"భోజనానికి రారా ఏమండీ?" అంటూ వచ్చిన మా ఆవిడ కూడా పక్క కుర్చీలో కూలబడింది. భోజనం సంగతి ఇద్దరం మరిచిపోయాం.

మధ్యాహ్నం కాలువ చరిత్ర చదివాను. 1881లో ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టి, ఇరవై వేలమందికి పైగా ప్రాణాలు పోయాక చేతులెత్తేశారు. ఎక్కువమందిని తీసుకుపోయింది మలేరియా, ఎల్లో ఫీవర్. మలేరియా దోమ వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో. 1904లో అమెరికావాళ్లు పని అందుకునేనాటికి ఆ సంగతి తెలుసు కాబట్టే డాక్టర్ గోర్గస్ నిలవనీళ్ల మీద నూనె పోయించి, కిటికీలకు జాలీలు కొట్టించి దోమ మీద యుద్ధం చేయగలిగాడు. అప్పటికీ 1914లో కాలువ తెరిచేలోపు మరో 5,609 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి కూలికి వచ్చిన నల్లజాతివాళ్లు. మేం దాటుతున్న ఈ కరీబియన్ సముద్రం మీదే వాళ్లూ ఓడలెక్కి వెళ్లారు. ఆ పేజీలు చదివాక చాలాసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను. రేవులో దిగి బజార్లు తిరిగే రోజైతే ఆ అంకె మీద కన్ను నిలిచేది కాదు.

గోదావరి జిల్లాలవాళ్లకి లాకుల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కాలువ మొదట్లో ఉండే గటూన్ లాకుల దగ్గరా అదే పద్ధతి, కొలతే వేరు. మూడు మెట్లలో ఓడను 26 మీటర్లు పైకెత్తి చెరువులో కలుపుతారు. పంపులు లేవు, చెరువు నీళ్లు పల్లానికి పారడమే. ఒక్క ఓడ కాలువ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రం పాలవుతాయి. అందుకే 2023లో వానలు మొహం చాటేస్తే రోజూ దాటే ఓడల సంఖ్యను తగ్గించాల్సి వచ్చింది. పాత లాకు వెడల్పు 33.5 మీటర్లు. దాంట్లో పట్టే పెద్ద ఓడ వెడల్పు 32 మీటర్ల పైమాటే. అటూ ఇటూ మిగిలేది రెండడుగులు. రోజంతా అడ్డూ ఆపూ లేని నీళ్లకి అలవాటుపడ్డ కళ్లకి ఆ రెండడుగుల సందు, పక్కనే తడిసి నల్లబడ్డ కాంక్రీటు గోడ ఎంత దగ్గరగా కనిపిస్తాయో!

మీరెవరైనా ఈ ప్రయాణానికి టికెట్ కొనేటట్లయితే ఏయే రేవుల్లో ఆగుతుందన్నది తర్వాత చూసుకోండి. కాలువకు ముందు రోజు సముద్రంలోనే గడిచే ఓడను ఎంచుకోండి. ఆ రాత్రి పెందలాడే పడుకోండి. ఓడను కాలువ దాటించే పైలట్ తెల్లవారక ముందే ఓడెక్కుతాడు.