పొట్టి పాదానికి జేజేలు

మూడు పాదాలు నిండుగా నడిచి, నాలుగో పాదంలో ఐదక్షరాలకే ఆగిపోయే పద్యమా, నీకు జేజేలు! ఇరవయ్యారు వందల ఏళ్ళ కిందట, ఏజియన్ సముద్రపు లెస్బోస్ దీవిలో, లైర్ తీగలు మీటుతూ గ్రీకు కవయిత్రి సాఫో నిన్ను పాడింది. ఆ బాణీ గాలిలో కలిసింది. నడక మిగిలింది.

ఆ నడక మన చెవికి పరాయిది కాదు. గ్రీకులదీ మన వృత్తాల్లాగే గురులఘువుల లెక్కే. నీ పెద్ద పాదాన్ని గణాలుగా విడదీస్తే ర త జ గగ, పదకొండక్షరాలు. మన ఇంద్రవజ్ర త త జ గగ. రెండో అక్షరమూ మూడో అక్షరమూ చోట్లు మార్చుకుంటే ఇది అదైపోతుంది! నాలుగో అక్షరం గురువైనా లఘువైనా సాఫోకు సమ్మతమే. మన లాక్షణికుడు అప్పకవి అయితే ఒప్పుకోడు. 1923లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యే వేద ఛందస్సును తెచ్చి గ్రీకు ఛందస్సు సరసన నిలబెట్టాడంటే ఊరికే కాదు.

ఇక నీ పొట్టి పాదం, అడోనిక్: భ గగ. మూడో పాదంలో మొదలైన మాట ఒక్కోసారి అందులోకి జారి పూర్తవుతుంది. చెప్పాల్సింది ఇంకా ఉండగానే గొంతు ఆగిపోతుంది.

అలెగ్జాండ్రియా పండితులు సాఫో మొదటి సంపుటాన్ని నీతోనే నింపారు. 1320 పాదాలు, అంటే 330 పద్యాలు! మనదాకా నిండుగా వచ్చింది ఏడు పద్యాల అఫ్రొడైటీ ప్రార్థన ఒక్కటే. అదీ డయోనీసియస్ అనే ఆలంకారికుడు తన శాస్త్రంలో ఉదాహరణగా మొత్తం ఎత్తి రాసుకోబట్టి. తక్కినవన్నీ ముక్కలే. ఎక్కువ భాగం ఈజిప్టులో ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన పపైరస్ చింపులు. ఒక గీతమైతే కుండపెంకు మీద.

ఆ చింపులను అచ్చేసిన పుట చూడాలి. సగం మాట, ఆ పక్కనే చదరపు కుండలీకరణం, ఆపైన తెల్లకాగితం. అక్షరం కింద చుక్క ఉంటే అది అనుమానపు అక్షరమని గుర్తు. అక్కడ నువ్వే సాక్షివి. ఇక్కడొక గురువు పోయింది, ఆ వెనకే రెండు లఘువులు పోయాయి అంటావు. పోయిన మాటేదో మాత్రం చెప్పవు. ఎంత ముచ్చటైన ఊహైనా నీ తూకానికి తూగకపోతే ఆ ఖాళీలో చేరలేదు. ఛందస్సు కవికి సంకెల అనేవాళ్ళకు ఈ పుట చూపించాలి.

సాఫో పాటల్లో నీ నడకే కాదు, అలంకారాలూ ఉన్నాయి. నలుగురూ గొప్పవనేవన్నీ వరసగా పేర్చి, వాటిని పక్కకు నెట్టి తన మనసుకు నచ్చినదాన్ని నిలబెట్టడం ప్రయామెల్. సాఫో అందులో ఘటికురాలు. నన్నడిగితే ముందు నీ నడక పట్టుబడాలి, అలంకారాలు ఆనక.

చదువరీ, గ్రీకు రాకపోయినా పర్వాలేదు. ర త జ గగ మూడుసార్లు, భ గగ ఒకసారి గొంతెత్తి చదవండి. ఆపైన ఆ కొలతకు తెలుగులో ఒక పద్యం కట్టండి. యతిప్రాసలు మీ ఇష్టం.