గని బయటి దిబ్బ

తెలుగులో యాత్రారచన అనగానే మొదట తలచుకోవలసిన పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన ఒక విధంగా మనలాంటివారే. చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగువారు, అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో కాశీకి బయలుదేరి 1831లో తిరిగివచ్చారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన దేవుళ్ళను మాత్రమే చూడలేదు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం ఎంత, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, అక్కడి జనం ఏం చేసి బతుకుతున్నారు అని కూడా చూశారు. దాదాపు రెండు వందల ఏళ్ళ తరవాత మనం ఆ పుస్తకం తెరుస్తున్నామంటే చాలావరకు ఆ వివరాల కోసమే.

నేను విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నవాణ్ణి. అయినా ఇటీవలి యాత్రావ్యాసాల మీద, ముఖ్యంగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చి మనవాళ్ళు రాసే వ్యాసాల మీద, నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఇతరులను అనే ముందు మన పద్దు చూసుకోవటం ధర్మం కనుక, విమర్శకు తీసుకుంటున్న మొదటి వ్యాసం నాదే.

2019 నవంబరులో మా అక్క కొడుకు నన్ను కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి తీసుకువెళ్ళాడు. అది ఎడారి. అందులో బ్యాడ్‌వాటర్ అనేచోట నేల సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంటుంది. 1913 జూలైలో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ప్రపంచ రికార్డుగా ఈనాటికీ లెక్కలో ఉంది. మేము తూర్పున నెవాడా రాష్ట్రంవైపు నుంచి వెళ్ళాం. ముందు రయొలైట్ అనే పాడుబడ్డ ఊరు చూసి, అక్కడికి దగ్గరలోనే మొదలయ్యే టైటస్ క్యాన్యన్ మట్టిదారి పట్టాం. అది ఇరవై ఏడు మైళ్ళ ఒంటిదారి. వెళ్ళటమే గాని వెనక్కి తిరగటం లేదు. క్యాన్యన్ అంటే గండికోట దగ్గర పెన్న కోసిన గండి లాంటిదే. కాకపోతే ఇక్కడ నది లేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే వరదనీరే కొండను కోసింది. చివరి మైళ్ళలో గోడలు రెండువైపుల నుంచి ఇరవై అడుగుల దగ్గరికి వచ్చేస్తాయి. ఆకాశం పైన ఒక పేలికలా కనిపిస్తుంది.

తిరిగివచ్చాక వ్యాసం రాశాను. ఒక చిన్న పత్రికలో అచ్చయింది కూడా. ఈమధ్య దాన్ని తీసి ఆడిటు చేసినట్టు చదివాను. రాళ్ళ రంగులకు ఒకటిన్నర పేజీ. నిశ్శబ్దానికి అర పేజీ. ‘కాలం’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ‘కూలి’ అనే మాట ఒక్కసారీ రాలేదు. దారిలో చూసిన గనుల గురించి “శిథిలమైన ఆశలు” అని ఒక వాక్యం రాసి దాటేశాను.

ఈ లోపం నాకై నేను కనిపెట్టలేదు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఉండే మా మేనమామ కనిపెట్టాడు. ఆయన ఛాంపియన్ రీఫ్ గనిలో ముప్పయ్యేళ్ళు భూమి లోపల పనిచేసినవాడు. వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, “బాగుండాది” అన్నాడు. కాసేపాగి, “ఏమిరా, అంత దూరం పొయ్యొచ్చి, గనిలో దిగినోళ్ళ మాట ఒక్కటీ రాయలేదే?” అని అడిగాడు.

నేను బదులు చెప్పలేక, సెల్‌ఫోనులో ఫోటోలు చూపించాను. టైటస్ క్యాన్యన్ దారిలో లెడ్‌ఫీల్డ్ అనే పాడుబడ్డ గని ఊరు ఉంది. రేకు షెడ్లు రెండు మూడు, కొండలోకి తొలిచిన నోరు, దాని ముందు రాళ్ళపోగు. మామ ఫోటోను పెద్దది చేయించుకుని చాలాసేపు చూశాడు. “లోపల ఎంత తవ్వితే బయట అంత పొయ్యాల గదా? ఈ దిబ్బ చూడు. ఇంత రోడ్డేసి, ఇంత ఊరు కట్టి, తోడింది ఇంతేనా? ఇది గని కతగాదురా, ఇంకేందో కత” అన్నాడు.

తరవాత చదివి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. లెడ్‌ఫీల్డ్ పేరు దేశమంతా మోగింది 1926లో. లాస్ ఏంజెలెస్‌లో చమురు షేర్లు అమ్మి పేరు మోసిన సి.సి. జూలియన్ అనే ఆయన అక్కడి సీసపు గని కంపెనీలో చేరి, పత్రికా ప్రకటనలతో షేర్లు అమ్మాడు. మేము ప్రయాణం చేసిన రోడ్డు ఆ గని కోసం వేసిందే. ఊరి జనాభా మూడువందలదాకా చేరింది. 1926 ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు. 1927 జనవరిలో మూసేశారు. ఖనిజం నాసిరకం. కాలిఫోర్నియా ప్రభుత్వ అధికారులు షేర్ల అమ్మకం మీద విచారణ పెట్టారు. తోడింది కొండను కాదు, చిన్నమదుపరుల జేబులను. బ్యాంకులో ఇన్నేళ్ళు ప్రాజెక్టు రిపోర్టులు చదివిన నాకు తట్టని సంగతి, బడిలో అయిదో తరగతి దాటని మామ ఒక రాళ్ళపోగు చూసి చెప్పాడు.

రయొలైట్‌లోనూ నేను అదే తప్పు చేశాను. అక్కడ జాన్ ఎస్. కుక్ బ్యాంకువారి మూడంతస్తుల కట్టడం ఉంది. 1908 నాటిది. పైకప్పు పోయి, గోడలు మాత్రం నిలిచాయి. బ్యాంకువాణ్ణి కనుక దాని ముందు నిలబడి ఫోటో దిగి, ‘లక్ష్మి చంచల’ అని వ్యాసంలో ఒక వేదాంతం రాశాను. కాని అక్కడ జరిగింది వేదాంతం కాదు. 1904లో బంగారం దొరికింది. 1906లో ఉక్కు వ్యాపారి చార్లెస్ ష్వాబ్ పెద్ద గనిని కొన్నాడు. కరెంటు, పత్రికలు, షేర్ల మార్కెట్టు వచ్చాయి. 1907 ఆర్థిక సంక్షోభంలో పెట్టుబడి వెనకడుగు వేసింది. 1911లో గని మూతపడింది, 1916లో కరెంటు తీసేశారు. వేల జనం ఉన్న ఊళ్ళో 1920 నాటికి మిగిలింది పద్నాలుగుమంది. దీనికి కారణాలున్నాయి. ‘కాలమహిమ’ అన్న మాట వాడినప్పుడల్లా మనం ఆ కారణాలను కప్పేస్తున్నాం.

ఇక రెండవ రచన. ఎడారి గురించి ఆంగ్లంలో పెద్ద పేరున్న పుస్తకం మేరీ ఆస్టిన్ 1903లో ప్రచురించిన ‘ది ల్యాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’. ఆమె డెత్ వ్యాలీకి పడమరనున్న ఓవెన్స్ లోయలో కాపురముండి రాసింది. పద్నాలుగు చిన్న వ్యాసాలు. ఆమె గొప్పతనం ఏమంటే, ఎడారిని ‘ఏమీలేని చోటు’గా చూడలేదు. చిన్న జంతువులు నీటికి నడిచే జాడలు ఎలా ఉంటాయో ఒక వ్యాసం నిండా చెప్పింది. సెయావి అనే పయూట్ తెగ స్త్రీ బుట్టలల్లి కొడుకును పెంచిన కథను పేరుపెట్టి చెప్పింది. 1849లో దారితప్పి వచ్చిన బంగారపు ఆశావహులు ‘మృత్యులోయ’ అని పిలిచిన ఆ నేల, టింబిషా షొషోనీలకు ఇల్లు. ‘టింబిషా’ అన్న పేరుకే అక్కడి ఎర్రమట్టితో సంబంధం. 2000లో చట్టం చేసిగాని వారి నేలలో కొంత వారికి తిరిగి ఇవ్వలేదు. నూరేళ్ళకు ముందే ఆస్టిన్ ఆ చూపుతో రాసిందంటే మెచ్చుకోవాలి.

కాని గని దగ్గరికి వచ్చేసరికి ఆమె కలం కూడా తడబడిందని నా అభిప్రాయం. ‘పాకెట్ హంటర్’ అనే వ్యాసంలో ఒంటరిగా గాడిదలతో కొండలు తిరుగుతూ ఖనిజపు జేబులు వెతికే మనిషి వస్తాడు. డబ్బు చేసుకుని లండనుకు పోతాడు, అక్కడ ఉండలేక మళ్ళీ ఎడారికే వస్తాడు. చక్కటి పాత్ర. అయితే గని అంటే ఒక్కడి జూదం అన్న భావన పాఠకుడికి మిగులుతుంది. రోజుకూలికి దిగి, సైరను మోగితే పైకి వచ్చే మనిషి నాకు ఆ పుస్తకంలో ఎదురుపడలేదు. ఎడారి సాహిత్యంలో ఆ ఒంటరివాడే తరవాత కథానాయకుడయ్యాడు. మిగతావాళ్ళు దిబ్బలో కలిసిపోయారు.

ఎలా కలిసిపోయారో చూడాలంటే డెత్ వ్యాలీలోనే హార్మొనీ బోరాక్స్ వర్క్స్ దగ్గర ఆగితే చాలు. 1883 నుంచి 1888 దాకా అక్కడ బోరాక్సు తీశారు. ఉప్పునేల మీద తెల్లగా పూసే ఖనిజాన్ని గోకి తెచ్చింది చైనా నుంచి వచ్చిన కూలీలు. రోజుకు డాలరూ ముప్పై సెంట్లు. అందులోంచే తిండికీ బసకూ తిరిగి కంపెనీకి కట్టాలి. సరుకును 165 మైళ్ళ దూరంలోని మొహావీ రైల్వే స్టేషనుకు కంచరగాడిదల బళ్ళు మోశాయి. ఆ గాడిదల బొమ్మ సబ్బుపొడి పెట్టెల మీదకెక్కింది. 1930లో రేడియోలో, తరవాత టీవీలో వాటి నీడన ఒక కార్యక్రమమే నడిచింది. అమెరికా అధ్యక్షుడు కాకముందు రోనాల్డ్ రీగన్ కూడా దానికి వ్యాఖ్యాతగా ఉన్నాడు. గాడిదలకు దక్కిన కీర్తి వాళ్ళకు దక్కలేదు.

“సెలవుల్లో నాలుగు రోజులు తిరిగి రావటానికి వెళ్ళినవాణ్ణి కూలిరేట్లు అడగమంటారా?” అని మిత్రులు కోప్పడవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యాత్రావ్యాసం తనిఖీ రిపోర్టు కాకూడదు. టైటస్ క్యాన్యన్ గోడల మధ్య నాకు కలిగిన పులకింత నిజం, దాన్ని రాయవద్దని నేననను. నీటి జాడల అందాన్నీ సెయావి కష్టాన్నీ ఒకే పుస్తకంలో ఇమిడ్చి ఆస్టిన్ అది సాధ్యమేనని చూపింది. పైగా పాత గనుల్లోకి దిగరాదు. లోపల విషవాయువు ఉండవచ్చు, చివికిన దుంగలు కూలవచ్చు, వెళ్ళవద్దని బోర్డులున్నాయి. కొన్నింటికి గబ్బిలాలు మాత్రం దూరేలా ఇనుపకమ్మీలు బిగించారు. కాబట్టి యాత్రికుడికి చదవటానికి దొరికేది బయటి దిబ్బ ఒక్కటే. కనీసం దాన్నయినా చదవమంటున్నాను.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి? మన దిబ్బలు మన వీధి చివరే ఉన్నాయి కనుక. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన కోలారు బంగారు గనుల్లోకి తమిళ సోదరులతో పాటు చిత్తూరువైపు నుంచి మనవాళ్ళూ దిగారు. మూడు కిలోమీటర్లకు మించిన లోతు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చింది ఆ గనుల కోసమే. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడ్డాయి. 2018లో మా ఊరి పేరుతో సినిమా వచ్చాక, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి సయనైడు దిబ్బల ముందు ఫోటోలు దిగుతున్నారు. ఆ సినిమా మీద నాకు ఫిర్యాదు లేదు, కల్పన కల్పనే. కాని వచ్చినవాళ్ళు “అసలు కథ ఏమిటండీ?” అని అడిగితే, ఇదిగో చదవండి అని మన భాషలో చేతికివ్వటానికి మనం రాసుకున్నది ఎంత? మేం అమెరికా గనిని చూసి ‘శిథిలమైన ఆశలు’ అన్నట్టే, రేపు ఎవరో వచ్చి మా మామ ముప్పయ్యేళ్ళనూ ఆ రెండు మాటల్లో దాటేస్తారు.

ఇది కోలారు ఒక్కదాని సంగతీ కాదు. షోలాపూరులో మన పద్మశాలీల మగ్గాలున్నాయి. బొంబాయి కట్టిన కామాటీల పేరు ఒక పేటకు మిగిలింది, వాళ్ళ మాటలు ఎన్ని మిగిలాయి? ఈ పత్రిక పాఠకుల్లో ఆ ఇళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈసారి మనుమడి దగ్గరికి వెళ్ళివచ్చి రాసే వ్యాసంలో ఒక పేజీ తగ్గించి, ఇంట్లోని పెద్దలు చెప్పింది ఒక పేజీ రాసి పంపండి.

నేను మొదలుపెట్టాను. నెలకో ఆదివారం నోటుపుస్తకం తీసుకుని మామ దగ్గరికి వెళ్తున్నాను. తనతో ఒకే షిఫ్టులో కేజీ ఎక్కి దిగినవాళ్ళలో ఇప్పటికి పదిహేడు పేర్లు చెప్పాడు. ఏ లైనులో ఎవరి ఇల్లు, ఎవరు పైకి రాలేదు అన్నది కూడా. పోయిన వారం రాసింది చదివి వినిపిస్తే, ఈసారి “బాగుండాది” అనలేదు. ఒక పేరు దగ్గర ఆపి, తప్పు రాశావన్నాడు. దిద్దుకున్నాను.